కిటికీలన్నీ మూసినా చలి ఆగడం లేదు: అద్దె అపార్ట్‌మెంటులో ఏం చేయవచ్చు?

చలిచీమ
మేము అద్దెకుంటున్న అపార్ట్‌మెంటు పడకగదిలో రెండు కిటికీలు ఉన్నాయి. ఒకదాని రెక్క లోపలికి తెరుచుకుంటుంది, రెండోది పక్కకు జరిపేది. రెండింటికీ ఒంటిపొర గాజే ఉంది. రాత్రిపూట అన్నీ బిగించి, హీటరు వేసుకుని కూర్చున్నా, రాతబల్ల దగ్గర మెడకూ పాదాలకూ చల్లగాలి తగులుతూనే ఉంటుంది. గది మధ్యలో పెట్టిన థర్మామీటరు 21 డిగ్రీలు చూపిస్తుంది కాని, కిటికీ పక్కన కూర్చున్నవారికి ఆ అంకె మీద ఏమాత్రం నమ్మకం కలగదు. కిటికీలు మార్పించే ఉద్దేశం యజమానికి లేదు. గోడకు మేకు కొట్టాలన్నా ఆయన అనుమతి తీసుకోవాలి. ప్లాస్టిక్ ఫిల్ము, బబుల్ రాప్, ఫోము టేపు, మందపాటి కర్టెన్లు అంటూ తలా ఒక మాట చెబుతున్నారు. వీటిలో నిజంగా పనిచేసేది ఏది? ముందుగా దేనితో మొదలుపెట్టాలి?

ఆరో_అంతస్తు
ఫిల్ము అంటించండి. మిగిలినవన్నీ కాలక్షేపానికే పనికివస్తాయి.

వడ్రంగి_మనవడు
ఆరో_అంతస్తు గారు నాడి పట్టకుండానే మందు రాసేశారు. కిటికీ దగ్గర చలి రెండు విధాలుగా పుడుతుంది. ఒకటి, చట్రానికీ రెక్కకూ మధ్య, లేదా చట్రానికీ గోడకూ మధ్య ఉన్న సందుల గుండా నిజంగానే బయటిగాలి చొరబడడం. రెండోది, చల్లబడిన గాజును తాకిన గదిగాలి బరువెక్కి కిందికి జారి, నేల వెంబడి మన పాదాల దాకా పాకడం. ఈ రెండో రకంలో బయటిగాలి లోపలికి రానే రాదు, అయినా మనకు గాలి కొడుతున్నట్లే తెలుస్తుంది. మొదటిదానికి సందులు మూయాలి, రెండోదానికి గాజు ముందు మరో పొర కావాలి. ఒకదాని మందు రెండోదానికి పెద్దగా పనిచేయదు.

మీది ఏ రకమో తెలుసుకోవడానికి, బయట గాలి వీస్తున్న రోజు చూసి, తలుపులూ మిగిలిన కిటికీలూ మూసి, వంటింట్లోనూ స్నానాల గదిలోనూ ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేయండి. అవి ఇంట్లోని గాలిని బయటికి తోడేస్తాయి కనుక, ఆ లోటు పూడ్చడానికి ప్రతి సందు నుంచీ బయటిగాలి మరింత జోరుగా లోపలికి వస్తుంది. కర్టెన్లను పక్కకు కట్టేసి, వెలిగించిన అగరుబత్తిని చట్రం అంచు వెంబడి అంగుళం దూరంలో నెమ్మదిగా నడిపించండి. పొగ ఎక్కడ అడ్డంగా గదిలోకి విసురుకొస్తే అక్కడ సందు ఉన్నట్లు. గాజు ముందు పొగ తొణకకుండా కిందికి దిగిపోతుంటే అది గాజు చల్లదనం. సందు దొరికినచోటల్లా పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.

ముందుజాగ్రత్త
పై పరీక్షకు ఒక షరతు ఉంది. పొగగొట్టం ద్వారా వాయువులు బయటికి పంపే గ్యాస్ గీజరుగాని, గ్యాస్ హీటరుగాని ఇంట్లో ఉంటే, ముందు దాన్ని ఆపేసిన తరువాతే ఫ్యాన్లు వేయండి. ఫ్యాన్ల లాగుడుకు ఆ పొగ వెనక్కి మళ్ళి గదిలోకే వచ్చే ప్రమాదం ఉంటుంది.

నిద్రలేని_పక్షి
అగరుబత్తి పొగ పడనివారు పల్చని టిష్యూ కాగితాన్ని సన్నగా చింపి, పై కొస పట్టుకుని అదే విధంగా చూడవచ్చు. మా వారు ఈ పనికి కొవ్వొత్తి పట్టుకుని బయలుదేరితే కర్టెన్ల మీద నాకున్న మమకారం కొద్దీ ఆపించాను.

లెక్కలపంతులు
గాజు చలిని ఎంతవరకు ఆపుతుందన్నది అంకెల్లో చూస్తే విషయం తేలికగా బోధపడుతుంది. ఒంటిపొర గాజు గుండా, లోపలికీ బయటికీ ప్రతి ఒక డిగ్రీ తేడాకు, చదరపు మీటరుకు సుమారు 5.7 వాట్ల వేడి పోతుంది. మధ్యలో గాలి ఉన్న మామూలు జంట గాజుకు ఇది సుమారు 2.8, వేడిని వెనక్కి తిప్పే సన్నని లోహపు పూత వేసి, మధ్యలో ఆర్గాన్ వాయువు నింపిన జంట గాజుకు 1.1 నుంచి 1.4 వరకు ఉంటుంది. చలిచీమ గారి కిటికీ గాజు 1.5 చదరపు మీటర్లు అనుకుందాం. బయట 0, లోపల 20 డిగ్రీలు ఉంటే ఆ ఒక్క కిటికీ గుండా దాదాపు 170 వాట్లు నిరంతరాయంగా బయటికి పోతున్నట్లు.

అంతకంటే ముఖ్యమైన సంగతి గాజు లోపలి ముఖపు ఉష్ణోగ్రత. అదే పరిస్థితిలో ఒంటి గాజు లోపలివైపు సుమారు 5 డిగ్రీల దగ్గర ఉంటుంది, జంట గాజు 12 లేదా 13 డిగ్రీల దగ్గర ఉంటుంది. గదిగాలి 21 డిగ్రీలు ఉన్నా, పక్కనే 5 డిగ్రీల పలక ఉంటే మన ఒంటి వేడి వికిరణ రూపంలో నేరుగా దానివైపు పోతుంది. థర్మామీటరు అబద్ధం చెప్పడం లేదు, అది గాలిని మాత్రమే కొలుస్తున్నది.

ఆరో_అంతస్తు
అయితే అసలు దొంగ గాజేనని పంతులుగారే తేల్చారు. నా మొదటి సలహాకు నేను కట్టుబడి ఉన్నాను.

లెక్కలపంతులు
ఆ మాట నేను అనలేదు. నాలుగు మీటర్ల చుట్టుకొలత గల రెక్క చుట్టూ 2 మిల్లీమీటర్ల సందు ఉంటే, మొత్తం 80 చదరపు సెంటీమీటర్ల కంత అవుతుంది. అంటే గోడలో ఒక్కో పక్క 9 సెంటీమీటర్లు ఉండే చదరపు రంధ్రం చేసి వదిలేసినట్లు. దాని గుండా పోయే వేడి గాలి వేగాన్ని బట్టి మారుతుంది కనుక ఒకే అంకె చెప్పలేం కాని, ఈదురుగాలి ఉన్న రాత్రి అది గాజు నష్టాన్ని మించిపోగలదు.

గాలివాటం
ఆరో_అంతస్తు గారికి సందుల సంగతి అంతగా పట్టకపోవడానికి ఆయన పేరులోనే కారణం ఉంది. చలికాలంలో పెద్ద భవనాల లోపలి వెచ్చని గాలి తేలిక కనుక మెట్లదారి, లిఫ్టు గొట్టాల గుండా పైకి లేస్తుంది. దాంతో కింది అంతస్తుల కిటికీ సందుల గుండా చల్లగాలి లోపలికి లాగబడుతుంది, పై అంతస్తులలో అవే సందుల గుండా వెచ్చని గాలి బయటికి పోతుంది. అందువల్ల గాలి జోరు లేని రోజున పైన ఉన్నవారికి చలిగాలి తగలకపోవచ్చు, అయినా వారి వేడి గుట్టుచప్పుడు కాకుండా జారిపోతూనే ఉంటుంది. చలిచీమ గారు ఏ అంతస్తులో ఉంటారు?

చలిచీమ
మొదటి అంతస్తు. గాలివాటం గారు చెప్పినది మా ఇంటికి సరిగ్గా సరిపోతున్నది. మెట్లవైపు తలుపు తెరిస్తే కిటికీ దగ్గర ఈల వేసినట్లు చప్పుడు కూడా వస్తుంది.

పరీక్ష చేశాను. తెరుచుకునే కిటికీకి గొళ్ళెం ఉన్న వైపు, ముఖ్యంగా కింది మూలలో, పొగ జోరుగా లోపలికి కొట్టింది. కీళ్ళ వైపు ఏమీ లేదు. జరిపే కిటికీలో రెండు రెక్కలు కలిసే నిలువు గీత వెంబడి, కింది గాడి దగ్గర సందు ఉన్నది. రెండింటి గాజు ముందూ పొగ కిందికి జారింది. అంటే రెండు రోగాలూ ఉన్నట్లే.

ఆరో_అంతస్తు
లిఫ్టు గొట్టం సంగతి నాకు కొత్త. సందులు మూశాక ఫిల్ము అంటించండి అని నా సలహాను సవరించుకుంటున్నాను. సవరణ మాత్రమే, ఉపసంహరణ కాదు.

వడ్రంగి_మనవడు
తెరుచుకునే కిటికీ యూపీవీసీది, అంటే గట్టి ప్లాస్టిక్ చట్రం ఉన్నది అయితే టేపు కొనేముందు బిగింపు చూడండి. ఒక కాగితం పట్టీని రెక్కకూ చట్రానికీ మధ్య పెట్టి, కిటికీ మూసి, గొళ్ళెం తిప్పి, కాగితాన్ని లాగండి. బిగువుగా ఉంటే రబ్బరు అంచు బాగానే నొక్కుకుంటున్నట్లు, జారి వచ్చేస్తే అక్కడ ఒత్తిడి చాలడం లేదన్నట్లు. ఒక్కో జానెడు దూరానికి ఇలా చూసుకుంటూ పోతే కింది మూలలోనే కాగితం వదులుగా వస్తుందని నా అంచనా.

ఇప్పుడు కిటికీ తెరిచి రెక్క అంచు చూడండి. గొళ్ళెం తిప్పినప్పుడు పైకీ కిందికీ కదిలే చిన్న గుండ్రని లోహపు గుబ్బలు కనిపిస్తాయి. చాలా రకాలలో వాటి ఇరుసు నట్టనడుమ ఉండదు, ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. కొన్నింటి మీద చిన్న చుక్కో గీతో గుర్తుగా ఉంటుంది. అలెన్ కీతోగాని (ఆరు పలకల వంపు కడ్డీ) పట్టుకారుతోగాని దాన్ని కొద్దిగా తిప్పితే రెక్క చట్రానికి మరింత దగ్గరగా లాగబడుతుంది. అన్నింటినీ ఒకే మోతాదులో తిప్పి మళ్ళీ కాగితం పరీక్ష చేయండి. గొళ్ళెం తిప్పడానికి బలం ప్రయోగించాల్సి వస్తే కాస్త వెనక్కి తగ్గించండి. చలి పోయాక మళ్ళీ వదులు చేయడం మంచిది, ఏడాది పొడవునా నలిగితే రబ్బరు తొందరగా చదునైపోతుంది. ఈ పనికి యజమాని అనుమతీ అక్కర్లేదు, ఖర్చూ లేదు.

చలిచీమ
కాగితం మీరు చెప్పిన మూలలోనే ఊడి వచ్చింది. గుబ్బలు తిప్పాక అక్కడ బిగువుగా ఉంది, పొగ కూడా దాదాపు నిలిచిపోయింది. మిగిలింది జరిపే కిటికీ.

అద్దెజీవి
జరిపే కిటికీకి కూడా ఫోము టేపు అంటిస్తే సరిపోతుంది, మా ఇంట్లో ఏళ్ళ తరబడి అదే వాడుతున్నాం.

వడ్రంగి_మనవడు
ఇక్కడ అద్దెజీవి గారితో విభేదించక తప్పదు. ఫోము, రబ్బరు పట్టీలు నొక్కుకుని మూసుకునే చోటికి తగినవి. రెక్క జారే చోట అవి రెక్కను పట్టేస్తాయి, కొద్దిరోజులకే ఒరుసుకుపోయి చిరుగుతాయి. అక్కడ కావలసినది గాడిలో ఇమిడే బ్రష్ పట్టీ, అంటే సన్నని కుచ్చు వెంట్రుకలు ఉన్న పట్టీ. పాతది అరిగి వెంట్రుకలు పడుకునిపోయి ఉంటుంది. దాన్ని గాడిలోంచి లాగేసి, దుమ్ము ఊడ్చి, అదే వెడల్పూ అదే ఎత్తూ గల కొత్తదాన్ని జొప్పించాలి. ఎత్తు ఎక్కువైతే రెక్క కదలదు, తక్కువైతే పట్టీ వేసినా ఫలితం ఉండదు.

కింది గాడిలో చిన్న చిన్న బెజ్జాలు కనిపిస్తే వాటిని మూయకండి. వాన నీరు బయటికి పోవడానికి తయారీలోనే పెట్టినవి అవి. వాటిని సిలికాన్‌తో పూడ్చేసిన ఇళ్ళలో నీరు గాడిలో నిలిచి, పొంగి, లోపలి గోడకు చెమ్మ పట్టిన సందర్భాలు చాలా చూశాను.

అద్దెజీవి
మేము అంటించింది రెక్క వచ్చి చట్రానికి ఆనుకునే చివరి అంచుకు, జారే గాడికి కాదు. ఆ మేరకు నా మాట నిలుస్తుంది.

వడ్రంగి_మనవడు
ఆ అంచుకు అయితే అభ్యంతరం లేదు. కాని ఫోముకు బదులు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు పట్టీ తీసుకోండి. తక్కువరకం ఫోము ఒకటి రెండు చలికాలాలలో నలిగి, మళ్ళీ పైకి లేవడం మానేస్తుంది. ఈపీడీఎం అంతకంటే చాలా ఏళ్ళు సాగుతుంది. సందు 2 నుంచి 3.5 మిల్లీమీటర్లు అయితే ఇంగ్లీషు 'E' అక్షరం ఆకారపు పట్టీ, 3 నుంచి 5 వరకు అయితే 'P' ఆకారపుది సరిపోతుంది. సందు కొలవడానికి కొద్దిగా మెత్తని బంకమట్టిని పల్చని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, అక్కడ పెట్టి, కిటికీ మూసి తెరవండి. నలిగిన ముద్ద మందమే మీ సందు. అంటించేముందు అంచును స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి, దుమ్ము మీద ఏ జిగురూ నిలవదు.

పొదుపరి
గాజు విషయానికి వద్దాం. గాజుకు నీళ్ళు చల్లి, బుడగలున్న ముఖాన్ని గాజువైపు ఉంచి బబుల్ రాప్ అదిమితే జిగురు లేకుండానే అంటుకుంటుంది. చలికాలం వెళ్ళగానే ఒక్క లాగుతో వచ్చేస్తుంది. ఫిల్ము కోసం ఇంత హంగామా ఎందుకో నాకు అర్థం కాదు.

నిద్రలేని_పక్షి
మా ఇంట్లో బబుల్ రాప్ చేతికి అందేంత ఎత్తువరకు ఒక్క బుడగ కూడా మిగలలేదు. చిన్నవాడి పని అనుకున్నాం. వాడు నిద్రపోయాక కూడా టప్ టప్ మని వినిపించడంతో మా మామగారు దొరికిపోయారు.

పరదాచాటు
బబుల్ రాప్ వెలుతురును రానిస్తుంది కాని చూపును రానివ్వదు. ఉన్న ఒక్క కిటికీ గుండా చెట్టు కనిపించకపోతే ఆ గదిలో నేను ఉండలేను. అంతకంటే నేల దాకా వేలాడే మందపాటి కర్టెన్లు నయం, పగలు తీసేయవచ్చు.

లెక్కలపంతులు
మూడింటిలోనూ పనిచేసేది కదలని గాలే. గాజు స్వయంగా వేడిని ఆపేది చాలా తక్కువ. నిశ్చలమైన గాలి గాజుకంటే దాదాపు నలభై రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. అయితే గాలి కదలకుండా ఉండాలంటే పొర మందానికి ఒక హద్దు ఉండాలి. గాజుకూ ఫిల్ముకూ మధ్య ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు ఉంటే మంచిది. మరీ పల్చగా ఉంటే గాలిపొర చాలదు, ఎడం ఇంకా పెంచినా లోపల గాలి పైకీ కిందికీ తిరగడం మొదలవుతుంది కనుక అదనపు లాభం ఉండదు. సరిగ్గా బిగించిన ఫిల్ము ఒంటి గాజు నష్టాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది, చూపునకూ అడ్డు రాదు. కర్టెన్ అంచులు తెరిచి ఉంటే గదిగాలి పైనుంచి దూరి, గాజు దగ్గర చల్లబడి, కిందినుంచి కాళ్ళ మీదికి వస్తుంది. కర్టెన్‌తో ఫలితం రావాలంటే పైన మూత, పక్కల గోడకు ఆనిక, కింద గూటిబల్లకు, అంటే కిటికీ కింది పలకకు, తాకేంత పొడవు ఉండాలి. కిటికీ కింద హీటరు ఉంటే మాత్రం కర్టెన్ దాని మీద పడకుండా, గూటిబల్ల దగ్గరే ఆగాలి. విద్యుత్ హీటరు మీద బట్ట పడితే నిప్పు అంటుకునే ప్రమాదం; వేడినీటి రేడియేటర్ అయితే వేడంతా కర్టెన్ వెనక గాజుకే చేరుతుంది.

ఆరో_అంతస్తు
ఎట్టకేలకు ఫిల్ముకు న్యాయం జరిగింది. అంటించే తీరు నేను చెబుతాను. చట్రాన్ని స్పిరిట్‌తో తుడిచి, నాలుగు వైపులా రెండు ముఖాల టేపు అంటించండి, మూలల్లో ఖాళీ ఉండకూడదు. పై కాగితాన్ని ముందు పై అంచుకు మాత్రమే తీసి, ఫిల్మును అక్కడ అంటించి, పక్కలకు దిగుతూ చివరికి కింది అంచుకు రండి. ముడతలు చూసి కంగారుపడవద్దు. హెయిర్ డ్రయర్‌ను ఫిల్ముకు కొద్ది దూరంలో పట్టి, మూలల నుంచి మొదలుపెట్టి నడిమికి వస్తే అది కుంచించుకుని అద్దంలా బిగుసుకుంటుంది. ఒకేచోట ఆపితే బెజ్జం పడుతుంది. మిగులును బిగిసిన తరువాతే కోయండి, ముందు కోస్తే అంచు టేపులోంచి జారిపోతుంది. ఫిల్మును రెక్క చట్రానికి అంటిస్తే కిటికీ మామూలుగా తెరుచుకుంటుంది; గోడ చట్రానికి అంటిస్తే కొన్ని సందులు కూడా కప్పబడతాయి కాని చలికాలమంతా తెరవడానికి ఉండదు.

పరదాచాటు
మా పక్కింట్లో ఫిల్ము వేసిన రెండోవారానికే దాని వెనక గాజు అంతా నీళ్ళు కారుతున్నది. మా ఇంట్లో కర్టెన్ వెనక కూడా తెల్లవారేసరికి తడిగానే ఉంటుంది. దీనికి కారణమేమిటి?

లెక్కలపంతులు
రెండు చోట్లా కారణం ఒకటే. 20 డిగ్రీల గదిగాలిలో 50 శాతం తేమ ఉంటే, దాదాపు 9 డిగ్రీలకు చల్లబడిన ఏ తలం మీదనైనా నీరు కడుతుంది. ఒంటి గాజు లోపలి ముఖం 5 డిగ్రీల దగ్గర ఉంటుందని పైన చెప్పాను కదా. కర్టెనో ఫిల్మో వేయగానే గది వేడి గాజును చేరడం ఇంకా తగ్గి, గాజు మరింత చల్లబడుతుంది. కనుక తేమగాలి వెనక్కి పోకుండా ఉండాలి. ఫిల్ముకు ఒక్క మూలలో టేపు లేచినా గది తేమ లోపలికి చేరి అక్కడే నీరుగా మారుతుంది, ఆరే దారి ఉండదు. మీ పక్కింటివారి ఫిల్ము అంచులు వేలితో తడిమి చూడమనండి. పొడిగా ఉన్న రోజున గాజును ఆరబెట్టి, ఆ తరువాత అంటించాలి. కర్టెన్లను గాలి చొరకుండా పూర్తిగా మూసే వీలు లేదు కనుక, ఉదయం పక్కకు తీసి గాజు తుడవడమే దారి. లేకపోతే గూటిబల్ల మూలల్లో నల్లని బూజు పడుతుంది.

జంట గాజు ఉన్నవారికి ఒక మాట. రెండు పలకల మధ్యన, గుడ్డకు అందని చోట మసక కనిపిస్తే అంచు బిగింపు పాడైనట్లు. దానికి ఫిల్ము మందు కాదు, చట్రం అలాగే ఉంచి గాజు జంటను మాత్రం మార్పించుకోవచ్చు.

ముందుజాగ్రత్త
అందరూ మూయడం గురించే మాట్లాడుతున్నారు. ఇంట్లో గ్యాస్ గీజరుగాని, గ్యాస్ హీటరుగాని, బొగ్గుల కుంపటిగాని ఉంటే, సందులన్నీ మూసిన గదిలో ప్రాణవాయువు తగ్గి, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత అని తెలిసేలోపే మనిషి లేవలేని స్థితికి వస్తాడు. బొగ్గుల కుంపటిని గదిలోకి తేనే కూడదు. గ్యాస్ పరికరాలు ఉన్న ఇంట్లో గాలి రావడానికి పెట్టిన జాలీని ఎంత చలి వేసినా మూయకూడదు, కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా పెట్టుకోవాలి. అగ్నిప్రమాదంలో బయటపడడానికి ఉపయోగపడే కిటికీని ఫిల్ముతో గోడ చట్రానికి అతికించవద్దు, ఆ గదిలో రెక్కకే అంటించండి.

పొదుపరి
కష్టపడి ఇన్ని సందులు మూసి, మళ్ళీ గాలి రానివ్వమంటే ఇక ఏం ప్రయోజనం?

గాలివాటం
సందుగాలి ఈదురుగాలి రోజున అవసరానికి మించి వస్తుంది, గాలి లేని రోజున బాగా తగ్గిపోతుంది. రోజుకు రెండు మూడు సార్లు ఎదురెదురు కిటికీలను బార్లా తెరిచి, కొద్ది నిమిషాల తరువాత మూసేస్తే తేమా, నిలవగాలీ పోతాయి, గోడలూ సామానూ మాత్రం చల్లబడవు. వేడిని దాచుకునేవి గోడలూ సామానే కనుక గది తొందరగా మళ్ళీ వెచ్చబడుతుంది. రోజంతా కిటికీ ఓరగా తెరిచి ఉంచితే మాత్రం ఆ చుట్టూ గోడ చల్లబడి, అక్కడే బూజు మొదలవుతుంది.

పొదుపరి
ఇది సబబుగానే ఉంది. అయినా బబుల్ రాప్ మాత్రం తీయను.

చలిచీమ
కొత్త బ్రష్ పట్టీ వేశాను, మెట్ల తలుపు తెరిచినా ఈల లేదు. ఫిల్మును రెక్కకే అంటిస్తాను. రెండు ప్రశ్నలు మిగిలాయి. చట్రానికీ గోడకూ మధ్య ఒకచోట వెంట్రుకవాసి పగులు ఉంది, దాన్ని ఇప్పుడే సిలికాన్‌తో మూయవచ్చా? ఇల్లు ఖాళీ చేసేటప్పుడు టేపు జిగురు చట్రం రంగును ఊడదీస్తుందా?

వడ్రంగి_మనవడు
లోపలివైపు పగులుకు సిలికాన్ వద్దు. దాని మీద రంగు పట్టదు, యజమాని తరువాత సున్నం వేయిస్తే ఆ గీత మచ్చలా మిగిలిపోతుంది. యాక్రిలిక్ సీలెంట్ వాడి తడి వేలితో సాపు చేయండి, ఆరాక రంగు వేసుకోవచ్చు. బయటివైపు అయితే సిలికానే సరైనది కాని, తలం పొడిగా ఉండాలి, వాతావరణం 5 డిగ్రీలకు పైన ఉండాలి. పగులు మరీ వెడల్పైతే ముందు ఫోము తాడు దూర్చి దాని మీద సీలెంట్ వేయాలి.

అద్దెజీవి
టేపు సంగతి అద్దె ఇళ్ళు మారిన అనుభవంతో చెబుతున్నాను. చల్లగా ఉన్నప్పుడు లాగితే రంగుతో సహా వస్తుంది. హెయిర్ డ్రయర్‌తో టేపును వెచ్చబరిచి, చట్రానికి ఆనించినట్లుగా మడిచి పట్టుకుని నెమ్మదిగా లాగండి. మిగిలిన జిగురును వంటనూనె పూసి కాసేపు నాననిచ్చి, గుడ్డతో రుద్ది, సబ్బునీటితో తుడిచేయండి. పాత నూనెరంగు వేసిన చెక్క చట్రం అయితే ముందుగా ఎవరికీ కనిపించని మూలలో చిన్న ముక్క అంటించి ఊడదీసి చూసుకోవడం మేలు.